పండేదో కాయేదో

నమోదు 1. కొండగాలి మొదలైన రోజు.

తెప్ప చిట్టా రాసే పని ఇవాళ నాకు అప్పగించారు. ఇన్నాళ్ళూ మా తెప్పకి చిట్టా అంటే సాయంత్రంపూట పెద్దలు చెప్పుకునే కబుర్లే. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేను కాబట్టి, చూసింది చూసినట్టు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా రాయాలని నిర్ణయించుకున్నాను.

గాలి: కొండవైపు నుంచి. చిన్న చంద్రుడు: సన్నని గీత. చాప రంగు: ఎండుగడ్డి రంగు, అంతటా ఒకేలా.

పొద్దున అమ్మమ్మతో టమాటాలు ఏరాను. పళ్ళు ఒక బుట్టలో, కాయలు ఒక బుట్టలో. నేను నొక్కి చూసి ఏరతాను. నొక్కితే కుళ్ళిపోతాయని అమ్మమ్మ చేతిమీద ఒక్కటి వేసింది. అప్పటినుంచి ముదురు రంగువన్నీ పళ్ళ బుట్టలో వేశాను.

"ఒలే వరాలూ, ఈ పచ్చికాయలన్నీ ఇందులోకి ఎలాగొచ్చాయే?" అంది అమ్మమ్మ.

"చూసే వేశాను అమ్మమ్మా."

"ఏ కళ్ళతో సూసేవే? నాలుగేళ్ళు పెద్దతెప్పకెల్లి సదివిందంట. ఆ పుస్తకాలు ఉన్న కళ్ళు కాస్తా మింగేసాయి."

చదవడం వల్ల కళ్ళు పోవని ఆమెకి కారణాలతో వివరించాను. ఆమె నా బుట్ట మళ్ళీ మొదటినుంచీ ఏరుకుంది.

అంతలో నాన్న తీగలమీద నుంచి ఇంకో బుట్ట కోసుకొచ్చాడు. మంచంమీద కూర్చున్న తాత అడుగుల చప్పుడు విని, "అల్లుడు కోసిన బుట్టేనా? ఐతే ఇయ్యాళ కూడా కాయపచ్చడే," అన్నాడు. నాన్న పేరు తవిటయ్య. చుట్టూ నీళ్ళమీద నాచుచాప లేని సుడి తెప్ప నుంచి ఇల్లరికం వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, తాత ఈ మాట అనడం మానలేదు. నాన్న నవ్వడం మానలేదు.

నమోదు 2. చిన్న చంద్రుడు గోరంత.

పెద్దతెప్ప వాళ్ళు ఇది చదివితే అర్థం కావాలి కాబట్టి ఒక మాట. మాకూ గట్టినేలకీ మధ్య నీళ్ళమీద నాచు దట్టంగా అల్లుకుని ఉంటుంది. అదే చాప. అందులోకి పడవ దూరదు, నడవాల్సిందే. ఒకచోట ఇల్లు కట్టినా ఆగుతుంది, పక్కనే పిల్లి నడిచినా మునుగుతుంది. చిన్న చంద్రుడు నిండినప్పుడల్లా చాప కదిలిపోయి పాతదారి పనికిరాకుండా పోతుంది. చాపలోని నేతని, అంటే నాచు పోగుల అల్లికని, చూసి గట్టిచోటు పోల్చుకుని తెల్లపుల్లలు పాతుకుంటూ అందరికంటే ముందు నడిచే మనిషి దారికన్ను. మా తాత కొర్లయ్యకి ఆ పనిలోనే జుట్టు నెరిసింది.

వెనక నడిచేవాళ్ళు తల ఎత్తకూడదు. ముందువాళ్ళ మడమలే చూడాలి. ఎత్తితే దారికన్నుకి దిష్టి తగులుతుందంటారు. నేను ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. మా అమ్మ మడమల మీది పగుళ్ళన్నీ నాకు కంఠతా వచ్చు.

ఈ నీళ్ళమీదికి మొదట వచ్చిన తొలివాళ్ళు తెచ్చిన లోతు చూసే యంత్రం ఒకటి ఉంది. ఆగిపోయి చాలా కాలమైంది. దాని అద్దంమీద అమ్మమ్మ చేపలు ఎండబెడుతుంది.

తాత కళ్ళకి పొర కమ్మింది. చంద్రుడు నిండి చాప కుదుటపడగానే గింజగడ్డి కోతకి గట్టినేల చేరాలి. లేకపోతే గింజ రాలిపోతుంది, వానకాలమంతా తెప్పమీద గింజన్నం ఉండదు. దారికన్ను పని తండ్రి నుంచి కొడుక్కి రావడం ఆచారం. కాబట్టి ఈసారి మావ నూకరాజు దారి తీయాలి.

మావ తెప్ప అంచున ఒక్కడే కూర్చుని పుల్లలు చెక్కుతున్నాడు.

"పుల్లలు సరిపోతాయా మావా?"

"పుల్లలు బాగానే ఉన్నాయే. పాతీవోడే బాగోలేడు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీ తాత నేత అగుపడతందా, నేత అగుపడతందా అంటాడు. నాకు అగుపడీది ఏటంటే ఎర్రమచ్చ, పచ్చమచ్చ, మళ్ళీ ఎర్రమచ్చ. నేతా లేదు, ఏటీ లేదు."

"మరి ఇన్నాళ్ళూ తాత వెనక ఉండి నేర్పుతుంటే ముందు నడిచి పుల్లలు పాతావు కదా?"

"అయ్య దగ్గుని పట్టి పాతేను. ఒక దగ్గు దగ్గితే సరే. రెండు దగ్గితే పక్కకి జరగమని. మా ఇద్దరికీ తెలకుండానే అలాగ అలవాటైపోయింది. ఇప్పుడు ఆయనకే అగుపడదు. దగ్గితే అది ఉత్త దగ్గే."

నేను నవ్వాను. మావ నవ్వలేదు.

"నా ఎనకాల మొదట నడిసీది మీ అమ్మే వరాలూ. మా అక్క. నాను తప్పు పుల్ల పాతితే..." అని ఆగిపోయాడు. "నాలుగేళ్ళు సదివేవు గదా. ఏదోటి సెయ్యే."

మచ్చలని మావ అంటున్నవి దగ్గర్నుంచి చూసేవాళ్ళకే కనిపిస్తాయి కాబోలు. నేను మడమలు తప్ప చూడలేదు. మచ్చలు మాయం చేద్దామని పాత లాంతరు ఎర్రగాజు ముక్క మావకి ఇచ్చాను. కంటికి అడ్డం పెట్టుకుని చూసి, "ఎర్రమచ్చలు తెల్లబడ్డాయి, పచ్చవి నల్లబడ్డాయి. మచ్చలు మాత్రం మచ్చలే," అన్నాడు. నేను కూడా ఆ గాజు పెట్టుకుని చాపకేసి ఒకసారి చూశాను. నిండా మచ్చలే. గాజు తీయగానే పోయాయి. గాజుకే మురికి పట్టిందని అర్థమై బూడిదతో బాగా తోమి పెట్టాను.

నమోదు 3. చిన్న చంద్రుడు సగానికి తక్కువ.

పెద్దతెప్పలో చెప్పిన వంశపాఠం ఇవాళ గుర్తుకొచ్చింది. భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. క్రోమోజోములంటే ఎవరూ వినరు కాబట్టి తెడ్లతో చెప్పాను.

"ఆడవాళ్ళకి రెండు తెడ్లు. ఒకటి అమ్మ ఇస్తుంది, ఒకటి నాన్న ఇస్తాడు. ఒకటి విరిగినా రెండోది పడవని నడిపిస్తుంది. మగవాళ్ళకి ఒక్కటే తెడ్డు, అది అమ్మ ఇచ్చింది. నాన్న కొడుక్కి తెడ్డు ఇవ్వడు, మగపిల్లాడు అవడానికి ఒక చిన్నపుల్ల ఇస్తాడు. పాఠంలో తెడ్డు పేరు ఎక్స్, పుల్ల పేరు వై."

"సిన్నపుల్లంట, విన్నావా?" అని అమ్మమ్మ తాత వీపుమీద చరిచింది.

"తాత తెడ్డులో ఒక పలక లేదు," అన్నాను. "ఎరుపునీ ఆకుపచ్చనీ విడదీసే పలక అది. ఉన్నవాళ్ళకి చాపమీద మచ్చలు కనిపిస్తాయి, ఆ మచ్చల గోలలో నేత కనిపించదు. తాతకి మచ్చలు లేవు కాబట్టి నేతే కనిపించేది."

తాత ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "నా కంటికి లోపవఁంటావా? ఈ తెప్పని ఇన్నేళ్ళు దాటించిన కంటికి?"

"మరి పెళ్ళైన కొత్తలో ఎర్రకోక తెత్తానని ఆకుపచ్చకోక ఎందుకు తెచ్చేవు?" అంది అమ్మమ్మ.

"అది ఆకుపచ్చదా?"

"కొత్త పెళ్ళికూతుర్ని, ఏటంటాను? నోరు మూసుకు కట్టుకున్నాను."

"ఇన్నేళ్ళూ ఆ ఎర్రకోకలో నూవు ఎంత బాగుండేదానివో అని తలుసుకుంటన్నానే!"

అందరూ నవ్వారు. తాత కాసేపు ఆలోచించాడు. "సరేగానీ, నాకున్నది అందరికంటే ఎక్కువా తక్కువా?"

"తక్కువ తాతా."

"ఎక్కువ అని రాయి."

(రాశాను. తక్కువే.)

తాతకి ఆ పని ఎవరి నుంచి వచ్చిందని అడిగాను. వాళ్ళ అమ్మ తండ్రి నుంచట. ఆయన సొంత కొడుకు దారి తీయబోయి మొదటి కోతకే మునిగిపోయాడు. మొక్కు తప్పినందుకు అలా జరిగిందని అనుకున్నారు. తరవాత వేరే దిక్కులేక కూతురి కొడుకైన తాతని పెట్టారు. ఆ కూతురి కొడుక్కి నేత కనిపించింది. తాత ఈ కథ మాకు వందసార్లు చెప్పాడు. ఇవాళ చెబుతూ చెబుతూ మధ్యలో తనే ఆగిపోయాడు.

అప్పుడు మావ లేచి నిలబడ్డాడు. "అయ్యా, నాకు అగుపడదు. ఎప్పుడూ అగుపడలేదు. నీ దగ్గు పట్టి పాతేను."

తాత గొంతు సవరించుకోబోయి మానుకున్నాడు.

"మరి పోయిన ఏడు నాకు నిజంగా జలుబు సేసింది గదరా. అప్పుడేం సేసేవు?"

"జరుగుతూనే ఉన్నానయ్యా. తిరిగి తెప్పకే వచ్చీసేను."

"నాకు అప్పుడే అనుమానం రావలసింది," అన్నాడు తాత. చెయ్యి చాపి, మావ భుజం ఎక్కడుందో తడుముకుని పట్టుకున్నాడు.

నమోదు 4. సగం చంద్రుడు.

తాత తెడ్డు అమ్మ దగ్గర ఉంది. ఆడపిల్లలందరికీ నాన్న తెడ్డు తప్పకుండా వస్తుంది కాబట్టి ఇందులో సందేహం లేదు. అమ్మమ్మ ఇచ్చిన మంచి తెడ్డు పక్కన ఉన్నందువల్ల అమ్మకి అన్ని రంగులూ కనిపిస్తాయి. తన రెండు తెడ్లలో ఏదో ఒకటి కొడుక్కి ఇచ్చి ఉంటుంది. ఆ కొడుకు మా అన్న ఎల్లాజీ. అంటే సగానికి సగం అవకాశం. ఆడవాళ్ళకి ఈ చూపు చాలా అరుదు కాబట్టి ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు.

పరీక్ష పెట్టాను. ఒక బుట్ట టమాటాలు తీసుకుని, కేవలం కంటితో చూసి, పళ్ళేవో కాయలేవో ముందుగా నేను విడదీసుకున్నాను. సరిచూడడానికి రెండో మనిషి ఉండాలని పాఠం. మిగిలినవాళ్ళు పనుల్లో ఉంటే నాన్నని పెట్టుకున్నాను. ఆయన కూడా దూరం నుంచి కంటితోనే చూడాలన్నాను. ముదురు రంగువి పళ్ళు, లేత రంగువి కాయలు. ఇద్దరి లెక్కా చక్కగా కలిసింది.

తరవాత అన్నీ కలిపేసి, గుర్తు తెలియడానికి ఒక్కొక్కదాని అడుగున గీత పెట్టి, ఎల్లాజీని ఏరమన్నాను. ముట్టుకోకుండా వేలితో చూపించాలి.

నేను పండన్నదాన్నల్లా దాదాపు కాయన్నాడు. కాయన్నదాన్ని పండన్నాడు.

"అన్నా, సరిగ్గా చూడు."

"సరిగ్గానే సూసేను. ఇది పచ్చిది. కొరికి సూపించనా?"

"పరీక్షలో కొరకకూడదు." నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "అన్నా, నీకు ఎరుపూ ఆకుపచ్చా తెలియవు! తాత కన్ను నీకే వచ్చింది!"

"నాకా? నాను బాగానే ఉన్నానే!"

"ఈ కన్ను ఉన్నవాళ్ళందరూ అలాగే అంటారు. పాఠంలో ఉంది."

తెప్పంతా తెలిసిపోయింది. మావ ఎల్లాజీని ఎత్తుకుని తిప్పాడు. తాత తన చేతికర్ర మనవడికి ఇచ్చేశాడు. అమ్మ మాత్రం ఎల్లాజీ కేసి, తరవాత బుట్ట కేసి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

నమోదు 5. మర్నాడు.

ఎల్లాజీ మునిగాడు.

నడుముకి తాడు కట్టి, తెప్ప అంచునే మొదటి పుల్ల పాతమన్నాం. "నేత అగుపడతందా?" అని తాత అడిగాడు. "ఎర్రమచ్చలు, పచ్చమచ్చలు అగుపడతన్నాయి తాతా," అంటూనే అడుగు వేశాడు. తల మునిగేదాకా దిగిపోయాడు. మావా నాన్నా తాడు పట్టి లాగారు. ఒక కాలి చెప్పు చాప కిందే ఉండిపోయింది. ఎల్లాజీ నాచు కక్కుకుంటూ నన్ను చూశాడు. ఆ చూపు ఇక్కడ రాయలేను.

నా వల్ల మనిషి పోయేవాడు. లెక్క ఎక్కడ తప్పిందో అర్థం కాక గుమ్మంలో కూలబడ్డాను. అమ్మమ్మ బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"నిన్న నూవు ఎట్టిన పరీచ్చ ఇదేనా? పండు తియ్యి."

తీశాను. అమ్మమ్మ దాన్ని అమ్మకి చూపించింది. "పచ్చికాయి," అంది అమ్మ. మావకి చూపించింది. "కాయే," అన్నాడు మావ. ఎల్లాజీ తీసుకుని కసిగా కొరికి, మొహం వికారంగా పెట్టి, నా ఒళ్ళో ఉమ్మేశాడు. నిజంగానే కాయ.

"ఎల్లాజీ సరిగ్గానే సెప్పేడు," అంది అమ్మమ్మ. "పరీచ్చ ఎట్టిన పంతులమ్మకే తెల్దు."

"అది కుదరదు," అన్నాను. "నేను ఆడపిల్లని. నాకు రెండు తెడ్లు. రెండూ విరగాలి. ఒకటి అమ్మ ఇచ్చిన తాత తెడ్డు అనుకున్నా, రెండోది నాన్న..."

అందరూ నాన్న కేసి తిరిగారు. నాన్న చేతిలో ఒక టమాటా ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

"అల్లుడా, ఏటి సేస్తన్నావు?" అంది అమ్మమ్మ.

"వాసన సూస్తన్నానత్తా. తీగమీద ఆకు వాసనకి తెల్దు గానీ, విడిగా పండైతే తీపి వాసనొస్తాది గదా. ఏం, మీరంతా అలాగ సూడరా?"

నవ్వు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎల్లాజీ కూడా నవ్వాడు. వందమంది మగవాళ్ళలో ఏడెనిమిది మందికి ఇలా ఉంటుందని పాఠంలో ఉంది. ఆ వందమందిలో మా నాన్న ఒకడై ఉండొచ్చని నాకు తోచలేదు.

తాత మాత్రం నవ్వలేదు. "అల్లుడా," అన్నాడు, "ఇరవై ఏళ్ళుగా నీకు పండు తెల్దు, కాయి తెల్దు అని తిడతన్నాను. నాకూ తెల్దు గదరా. మీ అత్త సెప్తే నాను తిట్టీవోణ్ణి."

"పోనీలే మావా."

"రేపట్నించి నూవే దారికన్ను."

నాన్న తన పొట్టకేసి చూసుకున్నాడు. నాన్న కూర్చుంటే మంచం కిర్రుమంటుంది. "నాను నడిస్తే గట్టిచోటే ఉండదు మావా," అన్నాడు. "సూపు నాదైనా, బరువు కూడా నాదే గదా."

తాత మొహం నా వైపు తిప్పాడు.

నమోదు 6. నిండుకు ఒక రోజు తక్కువ.

పెద్దలు కూర్చున్నారు. ఆడపిల్ల ఎప్పుడూ దారి తీయలేదన్నారు. పని తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళాలి కదా అన్నారు. తాత ఎటూ తేల్చలేక నన్ను అడిగాడు.

"నీ తరవాత ఎవులికొస్తాదే? మళ్ళీ సగం సగవేఁనా?"

"కాదు తాతా. నాకు రెండూ అవే తెడ్లు. ఏది ఇచ్చినా అదే. నాకు పుట్టే ప్రతి కొడుక్కీ ఈ కన్ను వస్తుంది."

"ప్రతి కొడుక్కీ?"

"ప్రతి కొడుక్కీ."

తాత మొహం వెలిగిపోయింది. "అల్లుడా, సంబంధాలు సూడు!"

"కోత కానియ్యండి," అన్నాను. ఒకవేళ కూతుళ్ళు పుడితే సంగతేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

"ముందు దానికి అగుపడతందో లేదో సూడండి. మనవరాలి కొడుకుల దాకా ఎల్లిపోయారు," అంది అమ్మమ్మ.

తెప్ప అంచున నన్ను కూర్చోబెట్టారు. తల ఎత్తమన్నారు. ఇన్నేళ్ళ అలవాటు, మెడ మాట వినలేదు. మావ నా గడ్డం కింద చెయ్యి పెట్టి ఎత్తాడు.

ఇన్నాళ్ళూ చూసీ పట్టించుకోలేదు, చాప నేసి ఉంది. అమ్మమ్మ కింద పరిచే చాపలాగే, పోగు పక్కన పోగు, ఒకే వాలుగా, కొండ దాకా. ఎల్లాజీ మునిగిన చోట ఆ వాలు తెగిపోయి పోగులు అడ్డంగా, వదులుగా ఉన్నాయి. వేలితో చూపించి తాతకి చెప్పాను. తాత నా వేలు పట్టుకుని అది ఎటు చూపిస్తోందో తడిమి తెలుసుకున్నాడు.

"అదే," అన్నాడు. నా వేలు మాత్రం వదల్లేదు.

"ఇది మీకెవరికీ కనపడదా?" అని అడిగాను. నిజంగానే అడిగాను. వెనక నిలబడ్డవాళ్ళలో నాన్న తప్ప అందరూ ఎదుట ఏమీ లేనట్టు చూస్తున్నారు.

నమోదు 7. చాప కుదుటపడిన రోజు. గట్టినేల మీద నుంచి.

అందరం చేరాం.

ముందు నేను, నా వెనక పుల్లల మోపుతో మావ, ఆ వెనక అమ్మ, తరవాత కోతవాళ్ళు. బయలుదేరే ముందు అమ్మ వంగి నా మడమలు చూసింది. "నున్నగా ఉన్నాయి. వీటిని పట్టుకుని ఎలా నడవనే?" అంది. భయం దాచుకోవడానికే ఆ మాట అన్నదని నాకు తెలుసు.

సగం దూరంలో నేత రెండు పాయలైంది. కుడివైపుది వెడల్పుగా ఉంది, కొండ కూడా అటే దగ్గర. "ఇటే బాగుంది గదే," అన్నాడు మావ. నాకు అక్కడక్కడ పోగులు అడ్డం తిరిగినట్టు అనిపించింది. అనిపించిందో, భయమో తేల్చుకోలేకపోయాను. వెనక అమ్మ ఊపిరి వినిపిస్తోంది. అమ్మ తల ఎత్తదు, నేను ఎటు అడుగు వేస్తే అటే వేస్తుంది. మావని అడిగి వలకి కట్టే గుండు ఒకటి కుడివైపుకి విసిరాను. చప్పుడు లేకుండా దిగిపోయింది. ఎడమకి ఇంకొకటి విసిరాను. చాపమీద పడి దొర్లి ఆగింది.

మావ ఎడమవైపు పాతడానికి పుల్ల అందించాడు.

తెప్పమీద నుంచి తాత దగ్గుతూనే ఉన్నాడు. ఆయనకి నేను కనపడను. అలవాటు కొద్దీ దగ్గుతున్నాడు. అది రెండు దగ్గులైనప్పుడల్లా మావ పక్కకి జరగబోయి నాలిక కరుచుకున్నాడు.

గట్టినేల ఎక్కాక అమ్మ తల ఎత్తి వెనక్కి చూసింది. ఇన్నేళ్ళుగా దాటుతున్నా దాటిన దారిని ఆమె చూడడం ఇదే మొదటిసారి. "ఏ పుల్లకా పుల్లే అగుపడతంది గానీ మధ్యలో దారేదీ లేదే," అంది. నేను పక్కన నిలబడి, నేత ఎలా వాలిందో, ఎక్కడ తిరిగిందో, మొత్తం చెప్పాను. ఆమె అంతా విని, నా చేతిలో కొడవలి పెట్టి, "పండిన గింజే కొయ్యి. ఏది పండిందో ఎల్లాజీని అడుగు," అంది.

చిట్టాకి సవరణ: నమోదు 1లో చాప ఎండుగడ్డి రంగు, అంతటా ఒకేలా అని రాశాను. అది ఎరుపూ ఆకుపచ్చా మచ్చలని మా అమ్మ, మావ, ఎల్లాజీ, ఇంకా కోతకి వచ్చినవాళ్ళందరూ చెబుతున్నారు. వాళ్ళ మాట కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను. చూసింది చూసినట్టు రాయడం నా పని కాబట్టి నేను రాసింది మాత్రం కొట్టెయ్యడం లేదు.

గాలి: కొండవైపు నుంచి. చాప రంగు: ఎండుగడ్డి రంగు.